కళుగుమలై ఎక్కిన ఆదివారం

నెలలో మూడో ఆదివారం దగ్గర పడుతోందంటే శుక్రవారం నుంచే నా భుజాలు నొప్పెట్టడం మొదలయ్యేది. ఆ రోజు పాత కార్లవాళ్ళు బయలుదేరే రోజు. విరుదునగర్‌లోనూ కోవిల్‌పట్టిలోనూ కలిపి పది పన్నెండు పాత కార్లు ఇంకా నడుస్తున్నాయి. వాటి యజమానులు ఒక సంఘంగా చేరి, నెలకోసారి చుట్టుపక్కల ఏదో ఒక పురాతనమైన చోటికి వరసగా పోయి వస్తుంటారు. తిరుచ్చుళి గుడి, ఎట్టయపురం జమీందార్లు ఉన్న అరమన, వెంబకోట్టై దగ్గర తవ్వకాలు జరిగిన దిబ్బ, కళుగుమలై కొండ. తిప్పి తిప్పి అవే చోట్లు. కొత్తవి ఎక్కడినుంచి వస్తాయి?

మేముండేది విరుదునగర్‌లో. ఆ సంఘాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో మావారు ఒకరు. రెండోవారు కోవిల్‌పట్టిలో ఉండే రైల్వే పెద్దమనిషి, రిటైరై చాలా ఏళ్ళయింది. మా అంబాసిడర్ మా మామగారి కాలంనాటిది. మగ్గాల షెడ్డుకు నూలు తేవడానికని ఆయన కొన్నారు. మీగడ రంగు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. షెడ్డు మూతపడింది, మగ్గాలు పాత ఇనుముకు పోయాయి, కారు మాత్రం మిగిలింది. మావారు దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన ముఖం కూడా తుడుచుకునేవారు కాదు.

మూడేళ్ళ కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొన్ని నెలలకు తిరిగొచ్చింది కానీ నిదానంగా, ఒక్కో మాట వెతుక్కుని తెచ్చినట్టు వస్తుంది. మనుషుల్లోకి తీసుకుపోతూ ఉండమని డాక్టరు చెప్పారు. ఆయనకు మనుషులంటే ఆ కార్లవాళ్ళే. అందుకని యాభై ఏడేళ్ళ వయసులో నేను ఆ కారు నడపడం నేర్చుకున్నాను.

చిన్న కారు నాకు ముందే వచ్చు. బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ దాంట్లోనే తిరిగాను. ఇది వేరే జంతువు. మలుపు తిప్పాలంటే ఒళ్ళంతా స్టీరింగు మీద వెయ్యాలి. క్లచ్చి తొక్కితే మోకాలి చిప్ప కింద చురుక్కుమంటుంది. ఆయన పక్కన కూచుని, ఎడమ చేతిని గాల్లో ఆడిస్తూ చెప్పేవారు. “నిదానంగా వదలు. బండి నిన్ను ఈడ్చకూడదు. నువ్వు దాన్ని ఈడ్చాల.” నెల రోజుల్లో నేర్చుకున్నాను. మొదటిసారి కోవిల్‌పట్టి దాకా నడిపినప్పుడు సంఘంవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పి, కారు ముందు నిలబెట్టి ఫోటో తీశారు. ఇలాంటి భార్య దొరకడం అదృష్టం అని ఒకరు తమిళంలో అంటే అందరూ తలలూపారు. స్టీరింగు కాసేపు ఇటివ్వమ్మా అని మాత్రం ఎవరూ అనలేదు. ఇది నేను వాళ్ళ తప్పుగా చెప్పడం లేదు. నేనూ అడగలేదు.

శనివారం సాయంత్రమే పులిహోర కలిపేదాన్ని. ఆదివారం తెల్లవారుజామున లేచి ఆయనకు స్నానం, గడ్డం, ఇస్త్రీ చొక్కా. తర్వాత సామాన్లు ఎక్కించడం: మడత కుర్చీ, దిండు, ఫ్లాస్కు, మందుల డబ్బా, రెండు పంచెలు, తువాలు చుట్టిన మూత్రం సీసా. ఆ తర్వాత ఆయనను. నాలుగు మెట్లు దించి, కారు తలుపు దగ్గర తిప్పి నిలబెట్టి, మెల్లగా కూచోబెట్టి, చివరికి ఆ కుడి కాలును నా రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాలి. అప్పటికే నాకు ఆ రోజు అయిపోయినట్టుండేది. ఇంకా కారు స్టార్టు కూడా కాలేదు.

చేరిన చోట అందరూ దిగి గుడిలోకో కొండమీదికో పోయేవారు. నేను ఆయనతో కారు దగ్గరే ఉండిపోయేదాన్ని. రెండేళ్ళలో ఇన్ని పురాతనమైన చోట్లు చూశానంటే చూసినట్టే. అన్నీ కారు అద్దంలోంచే. తిరుచ్చుళిలో గోపురం వెనకభాగం. ఎట్టయపురంలో ఒక పొడవాటి గోడ, దాని నీడలో మేకలు. కళుగుమలైలో కొండ కింద పార్కింగు, కొబ్బరిబోండాల బండి.

నేను చెప్పబోయే ఆదివారం కళుగుమలై వంతు. పొద్దున్నే ఆయనకు కడుపు చెడింది. పక్కబట్టలన్నీ పాడయ్యాయి. వాటిని నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఆయనను మళ్ళీ కడిగేసరికి ఆలస్యమైంది. ఈ నెల మానేద్దామా అన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వైపు చూశారు. సరేనని తొడిగాను.

సాత్తూరు దాటేదాకా నాలుగు వరసల రోడ్డు మీద లారీలు మమ్మల్ని ఒరుసుకుంటూ పోయాయి. కోవిల్‌పట్టిలో మిగతా కార్లు మాకోసం టీ కొట్టు దగ్గర ఎదురుచూస్తున్నాయి. ఎవరో తలా ఒక వేరుసెనగ పట్టీ పంచారు. నాది ఒళ్ళో పెట్టుకున్నాను, తినే తీరిక లేదు. అక్కణ్ణుంచి కళుగుమలై రోడ్డు పట్టాం. రెండువైపులా నల్లరేగడి పొలాలు, బీటలు వారిన మట్టి, అక్కడక్కడ సజ్జ. వరసలో మేం చివర. ముందు కార్లు కొంచెం దూరమయ్యాక ముక్కుకు కాలిన వాసన తగిలింది. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది.

పక్కకు తీసి ఆపాను. నీడ అంటూ ఏమీ లేదు, ఒక తుమ్మ చెట్టు తప్ప.

“నీళ్ళు చూసినావా పొద్దున?” అన్నారు ఆయన.

బయలుదేరేముందు రేడియేటరులో నీళ్ళు చూడాలని ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ ఒక్క ప్రశ్నతో నాలో ఏదో తెగింది.

“చూడలేదు. మీ దుప్పటి ఉతుకుతా ఉంటిని. మీ పంచె ఉతుకుతా ఉంటిని. నాకుండేది రెండు చేతులే. బండి నీళ్ళు యాడ చూసేది?”

రోడ్డు మీద, పగటిపూట, పెద్ద గొంతుతో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో అట్లా మాట్లాడి ఎరగను. ఆయన తల దించుకుని మోకాలి మీద పడి ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“తెలుగోళ్ళా మీరు?” అని వెనకనుంచి వినిపించింది.

చూస్తే ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి. ప్లాస్టిక్ బిందెతో రోడ్డు పక్క కొళాయి దగ్గర నిలబడి ఉంది. మా రభసంతా విన్నదన్నమాట. నాకు సిగ్గేసింది.

“మేమూ ఇంట్లో ఇదే మాట్లాడేది,” అంది నవ్వుతూ. “సుమ్మా ఊరికే ఉండండమ్మా, నేను నీళ్ళు తెచ్చిస్తా. అయ్య ఎండలో ఉండారే.”

అగ్గిపెట్టెల కంపెనీలో పని చేస్తుందట. ఆదివారం సెలవు, చర్చికి పోయే ముందు ఇంటికి నీళ్ళు పట్టుకుంటోంది. మూడు బిందెలు మోసుకొచ్చింది. వేడి మూత వెంటనే తీయకూడదు కాబట్టి తడి గోనెపట్టా కప్పి కాచుకున్నాం. ఆ కాచుకునే వేళలోనే అడిగింది.

“కొండకా పోతా ఉండారు? పైన బొమ్మలు చూసినారా?”

“లేదు. నేను కిందే ఉంటా,” అన్నాను.

“ఇదే మొదలా పోయేది?”

“నాలుగు తూర్లు,” అన్నారు ఆయన.

“నాలుగు తూర్లు పోయి ఎక్కలేదా?” ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. “మమ్మల్ని చిన్నప్పుడు స్కూల్లో పిలుచుకొని పోయినారమ్మా. కొండ నిండా బొమ్మలు. పైన గాలి ఎట్ల కొడుతుందని!”

ఆమె బిందె నింపుకుని వెళ్ళిపోయింది. రేడియేటరులో నీళ్ళు పోసి నేను కారు స్టార్టు చేశాను. కళుగుమలై దాకా ఆ ముల్లు మీదే ఒక కన్ను వేసి నడిపాను. నాకు క్షమించమని అడగాలని ఉంది. కానీ అడిగే ఓపిక లేదు.

మేం చేరేసరికి అందరూ పైకి పోయి ఉన్నారు. రైల్వే పెద్దమనిషి ఒక్కరే మాకోసం కింద నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. మడత కుర్చీ వేసి మావారిని దించాను. ఫ్లాస్కు తీయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“పో. చూసి రా.”

“మీరు?”

“నేను యాడికి పోతా? ఈడే ఉంటా.”

“నేనున్నానమ్మా,” అన్నారు రైల్వే పెద్దమనిషి తమిళంలో. “వెళ్ళిరండి. తొందరపడకండి.”

మూత్రం సీసా ఎక్కడుందో చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పకుండానే వెళ్ళిపోయాను. అది నేను కావాలనే చేశానేమో ఇప్పటికీ తెలియదు.

కొండరాతిలో చెక్కిన మెట్లు. ఒక్కో పది మెట్లకు ఆగాను. మా వాళ్ళు అప్పటికే దిగివస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపడి, దారిచ్చారు. పైన ఒక నిలువు రాతిగోడ. దాని మీద వరసలు వరసలుగా చిన్న చిన్న జైన మూర్తులు, కాళ్ళు మడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాయి. వెయ్యేళ్ళకు పైబడినవి. కొన్నిటి కింద అక్షరాలున్నాయి, ఇప్పుడు మామూలువాళ్ళెవరికీ చదవరానివి. పిల్లలకు తమిళంలో లెక్కలు చెప్పి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఆ తెలుగు రాయడం పెద్దయ్యాకే నేర్చుకున్నదాన్ని నేను. రాసినవాళ్ళెవరో తమ పేరు నిలవాలని రాసి ఉంటారనుకుంటూ కాసేపు చూశాను. ఇంతమంది ఏ పనీ లేకుండా కూచున్నారు అనిపించింది. భక్తి కాదు, ఈర్ష్య లాంటిదేదో కలిగింది.

నీడలో, బండకు ఆనుకుని కూచున్నాను. ఆవిడ చెప్పినట్టే గాలి బాగా వీస్తోంది. కింద ఊరు, చెరువు, నల్లటి పొలాలు. ఒళ్ళో పెట్టుకున్న వేరుసెనగ పట్టీ గుర్తొచ్చి వెతికితే కనబడలేదు, ఆవిరి గొడవలో ఎక్కడో పడిపోయి ఉంటుంది. దాని గురించి ఆలోచిస్తూనే నిద్రపోయాను.

కాపలాదారు తట్టి లేపాడు. “అమ్మా, ఒంట్లో బాగా లేదా?” అని తమిళంలో అడిగాడు. వాచీ చూసుకుంటే గంట దాటింది. మూడేళ్ళలో ఎవరి పిలుపూ వినకుండా నేను పడుకున్న గంట అదే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కాసేపు ఏడ్చాను. అతను దూరంగా పోయి నిలబడ్డాడు.

దిగేటప్పుడు భయం పట్టుకుంది. సీసా సంగతి చెప్పలేదు. కింద చూసేసరికి ఆయన వేరే పంచెతో ఉన్నారు. తడిసింది రైల్వే పెద్దమనిషి కొళాయి కింద తనే జాడించి కారు బానెట్ మీద ఆరేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“మీరెందుకండీ...” అన్నాను.

“మా నాన్నకు ఏడేళ్ళు చేశానమ్మా నేను,” అన్నారాయన. “నాకిది కొత్త కాదు. మీరు ఒక్కసారి అడిగి ఉంటే ఎప్పుడో చేసేవాణ్ణి.”

మావారు నా వైపు చూడలేదు. నిన్నమొన్నటిదాకా కార్బురేటర్ల గురించి తనతో వాదించిన స్నేహితుడి చేతిలో పంచె మార్పించుకోవడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. పులిహోర పొట్లం విప్పి ఎడమచేతికిచ్చాను. కొంచెం తిన్నాక అడిగారు.

“ఎట్ల ఉండాయి బొమ్మలు?”

“బాగున్నాయి. చూస్తా చూస్తా నిద్ర పోయినా.”

ఆయన నమలడం ఆపారు. “నిద్ర పోయినావా?”

“నాకు అలుపుగా ఉండాది,” అన్నాను. “శానా అలుపు. ప్రతి నెలా నా చేత కాదు.”

ఆ మాట చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది. చెప్పాక పెద్దగా ఏమీ కాలేదు. ఆయన ‘ఊఁ’ అన్నారు. తిరుగు ప్రయాణంలో తాళంచెవి రైల్వే పెద్దమనిషి చేతికిచ్చాను. ఆయన తన కారు వేరేవాళ్ళకప్పగించి మమ్మల్ని విరుదునగర్‌లో మా ఇంటి దగ్గర దింపారు. నేను వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూచున్నాను. నాలుగు వరసల రోడ్డు పక్కన ఇన్ని పువ్వుల తోటలున్నాయని ఆ రోజే చూశాను.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన నాతో ముభావంగానే ఉన్నారు. తనను బరువనుకున్నానని బాధ. అవును, బరువే. అది నేను ఆయనకు చెప్పలేదు, కాదని కూడా అబద్ధమాడలేదు. మరుసటి నెల మూడో ఆదివారం వచ్చేసరికి ఆయనే ఫోను తీసుకుని, ఎడమచేత్తో తడుముకుంటూ నంబరు నొక్కి, మాటలు వెతుక్కుంటూ రైల్వే పెద్దమనిషిని తనను తీసుకుపొమ్మని అడిగారు. ఆ ఒక్క ఫోనుకు ఆయనకు చెమట పట్టింది.

ఇప్పుడు నెల విడిచి నెల వాళ్ళే వచ్చి కారూ ఆయన్నీ తీసుకుపోతారు. కాలు ఎత్తి లోపల పెట్టడం ఇద్దరు ముగ్గురు నేర్చుకున్నారు, నా అంత బాగా కాదు. అలుపు తీరిందా అంటే లేదు. తక్కిన రోజులన్నీ అవే రోజులు. ఆ ఆదివారాలు కూడా నేను గొప్పగా ఏమీ చెయ్యను. తలుపు గడియ పెట్టి పడుకుంటాను.

మొన్న తిరుచ్చుళికి పోయి సాయంత్రానికి వచ్చారు. చక్రాల కుర్చీ ఒకటి దొరికితే గుడి లోపలి ప్రాకారం దాకా తిప్పారట. ఎండకు ముఖం కమిలిపోయింది. పెరుగన్నం కలిపిచ్చాను. నాలుగు ముద్దలు తిని గిన్నె పక్కకు జరిపారు.

“ఈ పొద్దు నాకూ అలుపుగా ఉండాది,” అన్నారు.

“పడుకోండి అయితే,” అని పక్క సర్ది, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాను.