మోకు విప్పని తాడు

మా బావమరిది పదమూడు అంతస్తుల ఓడను ఒంటిచేత్తో ఆపేశాడు.

సరే, ఒంటిచేత్తో అనడం కొంచెం ఎక్కువైంది. అసలు చెయ్యే వెయ్యలేదు. చేతులు రెండూ కట్టుకుని రేవు గట్టు మీద కూర్చున్నాడు. అంతస్తులు కూడా నేను కింద నిలబడి లెక్కపెట్టినవే, మెడ పట్టేసి మధ్యలో వదిలేశాను. ఓడ కదలలేదన్నది మాత్రం ముమ్మాటికీ నిజం. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టి, అబద్ధమాడితే నరకంలో నాలుక కాలుస్తారని చెప్పేవాళ్ళు. అప్పటినుంచి నేను అబద్ధమన్నది ఆడను. నిజానికే కాస్త ఇస్త్రీ చేస్తాను.

మా బావమరిదిని రేవంతా మోకు అంటారు. వాడి పని తాళ్ళు కట్టడం. ఓడ గట్టుకు చేరగానే పైనుంచి సన్నతాడు విసురుతారు. దాన్ని పట్టుకుని లాగితే వెనకాలే అసలు తాడు నీళ్ళు కారుతూ పైకి వస్తుంది, మనిషి తొడంత లావు. దాని చివర ఉన్న ఉచ్చును ఎత్తి గట్టు మీది ఇనప గుంజకు తగిలించాలి. ఓడ వెళ్ళేటప్పుడు తాడు వదులు చేస్తారు, అప్పుడు ఆ ఉచ్చును ఎత్తి నీళ్ళలో వదిలెయ్యాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం మోకు చేతులు కావాలి. వాడు ప్రేమగా భుజం తట్టినా నాకు రెండ్రోజులు నొప్పి.

ఆ పనిలో తాళ్ళవాళ్ళకొక కట్టడి ఉంది. ఎవడు వేసిన తాడు వాడే తియ్యాలి. ఒకప్పుడు ఎవరో సాయం చేద్దామని పక్కవాడి తాడు మీద చెయ్యి వేశాడట. అది వదులైందనుకున్నాడు, కాలేదు. వేళ్ళు పోయాయి. ఆనాటినుంచి రేవులో ఒకడు ఇంకొకడి కంచంలో చెయ్యి పెట్టినా పెడతాడు గానీ తాడు మాత్రం ముట్టుకోడు. రేవు ఆఫీసులో ఈ సంగతి ఎక్కడా రాసి లేదు, అందుకే అందరూ పాటిస్తారు.

ఇక మా దీవి సంగతి. ఇక్కడికి ఉల్లిపాయలూ సిమెంటూ మోసే పడవలు వస్తాయి, చేపల పడవలు వస్తాయి. యాత్రికులతో ఊరేగే ఓడలు రావు. అవి పక్క దీవికి వెళ్తాయి, అక్కడ తెల్ల ఇసుకా గొడుగులూ ఉన్నాయి. ఆ దీవి అందరూ చూసేసి విసుగెత్తిపోయారో ఏమో, ఒక కంపెనీవాళ్ళ కన్ను మా మీద పడింది. రంగుల కాగితాలు అచ్చు వేశారు. అందులో మా దీవి పేరు కింద 'ఎవరూ చూడని రేవు' అని ఉంది. ఎవరూ చూడకపోవడమేమిటి? నేను చూస్తున్నాను. మా అత్తగారు ఎనభై ఏళ్ళకు పైబడి రోజూ పొద్దున్నే చూస్తోంది. మేము ఎవరమూ కామన్నమాట! 'కాలం ఆగిపోయిన చోటు' అని కూడా రాశారు. ఆగిపోయింది మా గోడగడియారం ఒక్కటే, అదీ దాన్ని నేను బాగు చేశాక.

మా రేవు అధికారికి ఆ కాగితం చూసి పూనకం వచ్చింది. గట్టుకు ఎదురుగా ఉన్న గోడలకు సున్నం వేయించాడు, కనబడే వైపు మాత్రమే. ముసలివాళ్ళం సాయంత్రాలు కూర్చునే బల్ల పీకించాడు, మేము ఫొటోల్లో పడితే బాగుండదట. వీధిలో బట్టలు ఆరేసుకోకూడదన్నాడు. ఉతికినవి ఆరకూడదు, మాసినవి కట్టుకోకూడదు, మరి మేమేం చెయ్యాలి? తాళ్ళవాళ్ళకు నీలం చారల చొక్కాలు పంచాడు. అన్నీ ఒకే కొలత. మోకుకు బొత్తాలు పట్టక పొట్ట బయటపడి, అడ్డచారలతో వాడు పేలబోయే బుడగలా ఉన్నాడు. "ఏరా, సర్కస్ ఎప్పుడు మొదలు?" అని అడిగాను. "బావా, నవ్వకు. ఊపిరి పీలిస్తే చిరుగుతుంది," అన్నాడు పళ్ళు కదపకుండా.

ఓడ పొద్దున్నే వచ్చింది. ముందు తాడు మోకు వేశాడు, తక్కినవి తక్కినవాళ్ళు వేశారు. మెట్లు దించగానే జనం దిగారు, చీమలపుట్ట తన్నినట్టు. చిన్న జెండా పట్టుకున్న గైడు ముందు నడుస్తుంటే వెనకాల గుంపు. ఆ గుంపు తిన్నగా మా వీధిలోకి మళ్ళింది.

ఇక్కడ నేను మా అత్తగారి కర్ర గురించి చెప్పాలి. ఆవిడ తుంటి విరిగిన ఏడు మోకు ఒక విరిగిన తెడ్డు కాడ తెచ్చి చేతికర్ర చేశాడు. పట్టుకునే చోట నున్నగా చెక్కాడు, అడుగున టైరు ముక్క తొడిగాడు. ఏడాదికేడాది ఆవిడ నడుము వంగుతోంది. వంగినప్పుడల్లా వాడు రంపం తీసి కర్రను వేలి మందం కోస్తాడు. అలా కోస్తూ వచ్చిన ఆ కర్ర ఇప్పుడు లోకంలో ఆవిడకు తప్ప ఎవరికీ సరిపోదు. మధ్యలో మా ఆవిడ ముచ్చటపడి కొట్లోంచి మెరిసే కర్ర ఒకటి తెచ్చింది. దాంతో తల్లి నాలుగడుగులు వేసి బోర్లాపడింది. ఆ కర్ర ఇప్పుడు మా ఇంట్లో బూజులు దులుపుతోంది.

అడుగున ఇసుక అంటుకుని గచ్చు పాడవుతుందని, కర్ర గుమ్మం బయటే ఉండాలన్నది కోడలి, అంటే మోకు భార్య, చట్టం. ఇంట్లో గోడ పట్టుకుని నడవచ్చు. స్నానాల గదికి మాత్రం గుమ్మం దిగి ఇల్లు చుట్టి వెళ్ళాలి. కర్ర లేకపోతే ఆవిడ ఆ గదికి వెళ్ళలేదు. ఇంతకంటే వివరంగా ఒక పెద్దావిడ గురించి నేను రాయకూడదు.

మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి అత్తాకోడళ్ళు గొడవలో ఉన్నారు.

"నువ్వు బయట పెట్టమనబట్టే కదే!" అంటోంది మా అత్తగారు మంచం మీదనుంచి.

"ఇన్నేళ్ళుగా బయటే ఉంది, కాకి కూడా ముట్టుకోలేదు," అని కోడలు నా వైపు తిరిగింది. నాకు చెల్లెలి వరస. "చూడండి అన్నయ్యగారూ, పెరట్లో గిన్నెలు తోముతున్నాను. వీధిలో టకటకా ఫొటోల చప్పుడు. వచ్చి చూస్తే కర్ర లేదు, మెట్టు మీద ఇది ఉంది. పసుప్పచ్చ టోపీ ఆయన కర్ర ఊపుకుంటూ పోతున్నాడు. పిలిస్తే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు."

ఆమె చేతిలో ఒక కలం. దాని మీద ఓడ పేరు బంగారు అక్షరాల్లో ఉంది.

"కలం పట్టుకుని నడవమనా, అల్లుడుగారూ?" అంది అత్తగారు. గొంతు గట్టిగానే ఉంది గానీ, ఆవిడ దుప్పటి అంచు మెలిపెడుతోంది. "పొద్దున్ననగా వెళ్ళాను. కోడలు ఎత్తుకుని తీసుకెళ్తానంటోంది. ఎనభై దాటాక నన్ను చంకనెక్కిస్తారా? వీధంతా ఫొటోలవాళ్ళు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగతనం చేసి పారిపోయినా అర్థం చేసుకుంటాను. చెయ్యి ఊపి పోవడమేమిటి?

రేవుకు వెళ్ళి మోకుకు చెప్పాను. వాడు తిట్టలేదు, అరవలేదు. చారల చొక్కా విప్పి మడతపెట్టి గట్టు మీద పెట్టాడు. నేరుగా రేవు అధికారి దగ్గరికి వెళ్ళి, ఓడలో అడిగి కర్ర ఇప్పించమన్నాడు.

"ఒక కర్రముక్క కోసం అంత పెద్ద ఓడవాళ్ళని అడగమంటావా? పరువు పోతుందయ్యా. ఇంకోటి కొనిపెడతాంలే," అన్నాడు అధికారి.

"ఇంకోటి వద్దు సార్."

"అయితే సాయంత్రం చూద్దాం."

సాయంత్రమైంది. జనమంతా ఓడెక్కారు, మెట్లు ఎత్తేశారు, కూత కూసింది. పైన తాళ్ళు వదులు చేశారు. తక్కినవాళ్ళు తమ తాళ్ళు తీసి వదిలేశారు. ముందు తాడు మాత్రం గుంజకే ఉంది. మోకు దాని పక్కన ఖాళీగా ఉన్న గుంజ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఓడ మళ్ళీ కూసింది. మోకు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

రేవు అధికారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, మతి పోయిందా? తియ్యి!"

"మా అమ్మ కర్ర వస్తే తీస్తాను."

"రేపటినుంచి నీకు పనుండదు, తెలుసా?"

"తెలుసు సార్."

అధికారి తక్కిన తాళ్ళవాళ్ళ వైపు తిరిగాడు. "మీలో ఒకరు తియ్యండిరా!" ఒకడు ఆకాశం చూశాడు, ఒకడు చెప్పు సరిచేసుకున్నాడు. అందరికంటే పెద్దవాడు మాత్రం నోరు విప్పాడు. "అది మోకు తాడు కదా సార్," అన్నాడు, పసివాడికి చెప్పినట్టు. అధికారి తానే వంగి ఆ ఉచ్చు మీద చెయ్యి వేశాడు, ఆ చేతిని చూసుకున్నాడు, మెల్లగా తీసేశాడు.

తాడు కోసి పారేయవచ్చు కదా అంటారేమో. పైనవాళ్ళకూ ఆ ఆలోచన వచ్చినట్టుంది, ఒకడు గొడ్డలితో కనిపించాడు. అప్పటికే కటకటాల వెంట వందలమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పొద్దుటినుంచి మమ్మల్ని ఫొటోలు తీసీ తీసీ వాళ్ళకు చేతులు అలవాటైపోయాయి, మరి! గొడ్డలివాడు గొడ్డలి వెనక దాచుకున్నాడు.

మళ్ళీ మెట్లు దించారు. తెల్ల బట్టల ఆఫీసరు ఒకాయన దిగొచ్చి ఇంగ్లీషులో ఏం కావాలని అడిగాడు. కాన్వెంటు చదువు అక్కరకొచ్చింది. నేను ముందుకు వెళ్ళాను.

"మా అమ్మ కర్ర అని చెప్పు బావా, చాలు," అన్నాడు మోకు.

చాలునా? ఈ దీవి పెద్దావిడ కర్ర మీ ఓడలో ఉందనీ, అది తిరిగి రాకుండా ఈ రేవు దాటిన ఓడ ఏదీ ఇంతవరకూ ఇంకో రేవు చేరలేదనీ చెప్పాను. ఆఫీసరు నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏం చెప్పావు?" అన్నాడు మోకు అనుమానంగా.

"కర్ర అడిగాను."

"ఇంతసేపా?"

కాసేపటికి ఒక నావికుడు కర్ర పట్టుకుని దిగాడు. నేను చెయ్యి చాచబోతే మోకు ఆపాడు. "ఈయన తీశాడా?"

"కాదులే. తీసుకోరా, పోనీ."

"ఎవరు తీశారో వాళ్ళే తెచ్చి, తీసిన చోట పెట్టాలి," అన్నాడు. నేను అది ఇంగ్లీషులో చెప్పాను, ఈసారి ఏమీ కలపలేదు. కలపడానికి అందులో చోటు లేదు.

పసుప్పచ్చ టోపీ ఆయన దిగాడు. పొడుగాటి మనిషి, రెండు కాళ్ళూ తాటిచెట్ల లాంటివి. కర్ర పట్టుకుని, అధికారి వెనకాల, నా పక్కన, మా వీధి పొడుగునా నడిచాడు. ప్రతి గుమ్మంలోనూ మనుషులు నిలబడ్డారు. పొద్దున్న తను ఫొటోలు తీసిన మొహాలే అవి. ఇప్పుడు ఆయన ఒక్కదాన్నీ చూడలేకపోయాడు.

కోడలు అత్తగారిని గుమ్మం దాకా నడిపించింది. ఆయన ఏదో గొణిగాడు.

"ఏమంటున్నాడు అల్లుడుగారూ?"

"తప్పయిందంటున్నాడు. ఈ దీవిలో గుమ్మం బయట పెట్టినవి ఎవరైనా తీసుకుని, బదులు ఏదో ఒకటి ఉంచడం పద్ధతని గైడు చెప్పిందట."

"ఎవరి పద్ధతి?"

"మనదేనట."

ఆవిడ ఆయన కాళ్ళ వైపు చాలాసేపు చూసింది. "కాళ్ళు బాగానే ఉన్నాయిగా? కర్ర ఎందుకట?"

అడిగాను. ఆయన మొహం కందగడ్డయింది. ఇంట్లో గోడకు తగిలించుకోవడానికట.

"గోడకా?" అంది మా అత్తగారు. "గోడ నిలబడే ఉంటుంది కదా, దానికి కర్రెందుకు?"

ఆ ఒక్క ముక్కా నేను అక్షరం తప్పకుండా చెప్పాను. ఆయన వంగి కర్రను తీసిన చోటే ఆనించాడు. కోడలు కలం తిరిగిచ్చేసింది. అత్తగారు కర్ర అందుకుని, ఎవరినీ చెయ్యి పట్టనివ్వకుండా గుమ్మం దిగి, ఇల్లు చుట్టి, తన పని మీద తాను వెళ్ళింది. అధికారి మర్యాదగా అటు తిరిగి సున్నం వెయ్యని వైపు గోడ చూస్తూ నిలబడ్డాడు.

రేవులో మోకుకు సంగతి చెప్పాను. "నడిచిందా?" అన్నాడు. "నడిచింది," అన్నాను. వాడు లేచి ఉచ్చు ఎత్తి నీళ్ళలో వదిలాడు. ఓడ కదిలింది. ఆ కంపెనీ ఓడ మళ్ళీ ఇటు రాలేదు, మేము కోరుకున్నదీ అదే.

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. పెద్ద ఆఫీసువాళ్ళు ఆ రోజు సంగతి మీద విచారణ చేసి, వాడి పని ఉంచాలో తియ్యాలో తేలుస్తారని వింటున్నాం కదా, ఏమైనా తప్పు పోయిందేమో చూడమన్నాను. వాడు చివరిదాకా విన్నాడు.

"ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు బావా. ఆ రోజు ఎదురుగాలి, అందుకే ఓడ ఆలస్యమైంది. తాడు తియ్యమనగానే తీశాను. మా అమ్మ కర్ర ఎవరూ ఎత్తుకెళ్ళలేదు, మా ఇంటికి ఏ టోపీవాడూ రాలేదు. నువ్వసలు ఆ రోజు రేవులోనే లేవు."