ఉండొచ్చు గానీ వండకూడదు

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు ఊరంతా చెప్పుకునేవాడు. అప్పుడు పట్టిన గరిటె నన్ను నిజామాబాద్ పెళ్లి పందిళ్ల వెనక నుంచి దుబాయిలో ఒక కూలీల మెస్సుకి, అక్కడి నుంచి కెనడాలో విండ్సర్ అనే ఊరికి లాక్కొచ్చింది. కార్ల ఫ్యాక్టరీల ఊరది. నది అవతల ఒడ్డే అమెరికా. మా వంటింటి వెనక చెత్త పారేయడానికి వెళ్తే డెట్రాయిట్ మేడలు కనిపించేవి. చెత్తకుండీకి అంత మంచి వ్యూ నేను ఇంకెక్కడా చూడలేదు.

అవి స్టూడెంట్లు వరదలా వచ్చిపడుతున్న ఏళ్లు. ఏ బేస్‌మెంట్ కిటికీ పక్కన నడిచినా ముందు తాలింపు ఘాటు, దాని వెనకే తెలుగు బయటికొచ్చేవి. నేనుండే ఇంట్లో కింద మగపిల్లలు, పైన ఆడపిల్లలు, అందరూ కాలేజీ వాళ్లే. చదువు లేనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అందరి కడుపులూ నాకు అప్పగించారు. సెలవు రోజున నేను బగారా అన్నం దించితే, పరీక్షలున్నాయని తలుపేసుకున్నవాళ్లు కూడా పుస్తకం పట్టుకునే మెట్ల మీదికి వచ్చేవాళ్లు.

నా వర్క్ పర్మిట్ మీద నేను పనిచేసే రెస్టారెంట్ పేరు అచ్చువేసి ఉండేది. అంటే అంత పెద్ద కెనడాలో నేను ఒకే ఒక్క పొయ్యి ముందు నిలబడొచ్చు. పక్క వీధి పొయ్యి ముందు నిలబడినా నేరమే. ఆ ఓనర్ ఒక ఎండాకాలం దుకాణం అమ్మేశాడు. నా పొయ్యి ఉన్నచోట గోళ్లకు రంగులేసే షాపు వెలిసింది. ఊరి అవతలి కొసన ఇంకో రెస్టారెంట్ ఆయన నన్ను తీసుకుంటానని, ప్రభుత్వం దగ్గర్నుంచి తెప్పించాల్సిన అనుమతి తెప్పించాడు. కొత్త పర్మిట్‌కి ఆన్‌లైన్‌లో అప్లై చేశాం. అది అక్కడే కూర్చుంది. ఇక్కడ నేను కూర్చున్నాను.

పాత పర్మిట్ గడువు దగ్గర పడుతుంటే కన్సల్టెంట్‌ని అడిగాను. ఆయన కంగారుపడొద్దన్నాడు. గడువు దాటినా జవాబు వచ్చేదాకా దేశంలో ఉండొచ్చట, దాన్ని మెయింటెయిన్డ్ స్టేటస్ అంటారట, కాకపోతే కొత్త పర్మిట్ చేతికి రాకుండా కొత్త చోట పని చేయకూడదట. ఇంటికొచ్చి పిల్లలకు నా భాషలో చెప్పాను. ఉండొచ్చు గానీ వండకూడదు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ రోజు నుంచి ఇంట్లో కూడా గరిటె ముట్టుకోలేదు. చట్టం ఇంటి వంటను ఆపలేదని నాకు తెలుసు. కానీ పని లేని వంటవాడు పొయ్యి దగ్గర నిలబడితే ఉప్పు వేశాడో లేదో కూడా గుర్తుండదని అప్పుడే తెలిసింది. పర్మిట్ వచ్చాకే వండుతానని ఒట్టు పెట్టుకున్నట్టు నటించాను. పిల్లలు ఉప్మా మీద పడ్డారు. ఆ ఉప్మా గురించి ఇక్కడ రాయను, చేసిన అమ్మాయి ఇది చదువుతుంది.

అప్పుడే కొత్త ఓనర్ ఫోన్ చేశాడు. చెడ్డవాడు కాదు. వంటవాడు లేని రెస్టారెంట్ ఎన్నాళ్లు నడుపుతాను, ఈ వారం దాటితే ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు. ఆ పొయ్యి పోతే నా అప్లికేషన్ పోతుంది, అప్లికేషన్ పోతే నేను పోతాను. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ రోజుల్లో అందరూ చేసేదే. వంతెన మీదుగా అమెరికా గేటుదాకా వెళ్లి, మేం మీ దేశంలోకి రామని వాళ్లకు చెప్పి, వాళ్లిచ్చిన తిరస్కారపు కాగితం పట్టుకుని వెనక్కి తిరిగి, కెనడా ఆఫీసర్ ముందు నిలబడి పర్మిట్ అక్కడికక్కడే అడగడం. దాన్ని ఫ్లాగ్‌పోల్ అంటారు. నేను ధ్వజస్తంభం చుట్టూ ప్రదక్షిణ అనేవాణ్ణి. కలిసొస్తే సాయంత్రానికి పర్మిట్. కలిసిరాకపోతే కాదన్న మాట మొహం మీదే వినాలి.

నాకు కారు లేదు, లైసెన్సూ లేదు. తీసుకెళ్తానన్నది పైగదిలో ఉండే గుంటూరమ్మాయి, ఆ ఉప్మా మనిషి. కాలేజీలో చదువుతూ కాఫీ షాపులో షిఫ్టులు చేసేది. ఆమె కారు ఎన్ని చేతులు మారిందో దానికే తెలియదు. నా వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి తెరవాలి.

దారంతా ఆమె నాకు పాఠం చెప్పింది. అడిగినదానికే జవాబు. ఎక్కువ మాట వద్దు. ముఖ్యంగా జోకులు వద్దు.

"నేనేం జోకులేస్త చెల్లె, గాళ్లే నా మొహం జూసి నవ్వుకుంటరు."

"అదిగో. అదే వద్దన్నాను అన్నయ్యా. ఈ ఒక్క పూట మామూలు మనిషిలా ఉండండి."

అమెరికా వాళ్లు పెద్దగా పట్టించుకోకుండానే మమ్మల్ని వద్దనేసి కాగితం ఇచ్చారు. ఒక దేశం నన్ను వద్దన్నందుకు సంతోషపడటం అదే మొదలు. తిరిగి కెనడా బూత్ దగ్గర ఆగాం. లోపలి ఆఫీసర్ పాస్‌పోర్టులు చూసి ఆమెనేదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. నేను విననే లేదు, పెదాలు బిగించి మామూలు మనిషిలా కూర్చునే పనిలో ఉన్నాను. ఆయన పచ్చచీటీ రాసిచ్చి పక్కన ఆపమన్నాడు. ఆపాక అక్కడి ఆఫీసర్ నన్ను దిగమన్నాడు. నేను అద్దం దించి చెయ్యి బయటికి పెట్టి తడుముతుంటే ఆయన ఒక్క అడుగు వెనక్కి వేసి నడుముకున్న తుపాకీ మీద చెయ్యి వేశాడు. ఆమె, తలుపు పాడైందని వెంటనే చెప్పింది. ఆయన చెయ్యి మెల్లగా నడుము మీంచి దిగింది.

లోపల పొడవాటి కౌంటర్, ఇవతల కుర్చీలు. మా ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టారు. నన్ను పిలిచిన ఆఫీసర్ జుట్టు నెరిసినాయన. నా ఉద్యోగం కాగితాలన్నీ చూశాడు, తల ఊపాడు, పని అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు పచ్చచీటీ తిప్పి చదివి, వెనక కూర్చున్న ఆవిడ నీకు ఏమవుతుందని అడిగాడు.

అడిగినదానికే జవాబు, ఎక్కువ మాట వద్దు.

"నోబడీ సార్," అన్నాను.

ఆయన కంప్యూటర్ వైపు చూశాడు, నావైపు చూశాడు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరూ లేరని నీ పాత అప్లికేషన్‌లో రాశావు, అవునా? అవును సార్, మా అమ్మకు నేనొక్కణ్ణే, నన్ను చూశాక ఇంకొకరిని కనే ధైర్యం చేయలేదు. ఆ రెండో ముక్క మింగేశాను. మరి ఆవిడ బూత్‌లో నువ్వు తన అన్నవని చెప్పింది, ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు?

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. సరిహద్దులో అబద్ధం చెబితే పర్మిట్ ఇవ్వకపోవడమే కాదు, ఐదేళ్లు ఈ దేశంలో కాలు పెట్టనివ్వరని మా ఇంట్లో నిన్నగాక మొన్న దిగినవాళ్లకి కూడా తెలుసు. నేను వచ్చిన ఇంగ్లీషంతా వాడాను. సిస్టర్ సార్, బట్ నాట్ సిస్టర్. ఆయన నుదురు ఇంకా ముడిపడింది. వెనక్కి చూస్తే గుంటూరమ్మాయి పాస్‌పోర్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పర్మిట్ కూడా ఇప్పుడు నా నోటి మీదే ఉందని అర్థమైంది.

ఆఫీసర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించాడు. ఎక్కడి నుంచో ఒక పెద్దావిడ గొంతు వచ్చింది.

"నమస్కారమండీ. మీరు ఏది అంటే అది అలాగే ఇంగ్లీషులో చెప్తాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట వదలను. అర్థమైందా అండీ?"

ఆ చోట తెలుగు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, దేవుడు పంపినట్టు దొరికిన్రు," అన్నాను.

ఆమె అలాగే చెప్పింది. ఎల్డర్ సిస్టర్ అని మొదలుపెట్టి, దేవుడితో సహా ఒక్క మాట వదల్లేదు. ఆఫీసర్ పెన్ను ఆగింది. ఈవిడ కూడా నీ సిస్టరా అని అడిగాడు. ఫోన్‌లో ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఈవిడ కూడా మీ అక్కా అని అడుగుతున్నారండీ. ఈవిడంటే నేనేనండీ."

"కాదు సార్. ఆమె ఎవరో నాకు తెల్వదు, పేరు సుత తెల్వదు. మా దిక్కు పరాయి ఆడమనిషితోని మాట్లాడాలంటే అక్కా అనో చెల్లె అనో అంటం. అనకుంటే మర్యాద గాదు. ఎనక కూసున్నామె సుత గట్లనే చెల్లె."

ఆవిడ తర్జుమా చేసింది. ఆఫీసర్ ఫోన్ వైపు వంగి, ఇతను చెప్పేది నిజమేనా, మీవాళ్లలో అలా ఉంటుందా అని నేరుగా ఆవిడనే అడిగాడు. ఒక్క అవును అంటే నేను బయటపడతాను. ఫోన్ వైపు గుళ్లో దేవుణ్ణి చూసినట్టు చూశాను. ఆవిడ, నా అభిప్రాయం చెప్పే అధికారం నాకు లేదని ఇంగ్లీషులో చెప్పి, అదే మాట నాకు తెలుగులో కూడా చెప్పింది. అంత నిజాయితీపరురాలు అక్కగా దొరకడం నా ఖర్మ.

ఆఫీసర్ గుంటూరమ్మాయిని కౌంటర్ దగ్గరికి రమ్మన్నాడు, నన్ను పక్కకు జరిగి నోరు తెరవొద్దన్నాడు. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా ఫోన్‌లోనే, తెలుగులోనే జవాబు చెప్పమన్నాడు. ఇతను నువ్వు తనకు ఎవరూ కావంటున్నాడు, నువ్వేమో అన్న అన్నావు, ఏది నిజం?

ఎవరూ కావు అన్న మాట దగ్గర ఆమె నావైపు చూసింది. ఆ చూపుకి నేను గోడ మీద పోస్టర్ చదవడం మొదలుపెట్టాను.

"ఆంటీ," అంది ఆమె ఫోన్‌తో. "మేం ఒకే ఇంట్లో వేరే వేరే గదులు అద్దెకు తీసుకున్నాం ఆంటీ. చుట్టరికమేం లేదు. మగమనిషితో ఒక్కదాన్నే కారులో వస్తున్నా, ఎవరని అడిగితే ఇంకేం చెప్పను? అన్నయ్య అన్నాను. రోజూ అదే కదా పిలిచేది."

పెద్దావిడ ఒక్క మాట వదల్లేదు. ఆంటీ అని ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ చెప్పింది. ఆఫీసర్ పెన్ను కింద పెట్టాడు. నన్ను, ఆమెను, ఫోన్‌ను వేలితో వరుసగా చూపిస్తూ పైకే లెక్క కట్టాడు. ఈమె నీ చెల్లెలు. ఫోన్‌లో ఉన్నావిడ నీ అక్క. కానీ ఈమెకి ఆవిడ ఆంటీ. అలా ఎలా కుదురుతుంది?

కుదరదు సార్ అంది గుంటూరమ్మాయి, ఈసారి ఇంగ్లీషులో. కుదరక్కర్లేదు అని కూడా అంది.

ఆయన లేచి మా పాస్‌పోర్టులు పట్టుకుని లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఫోన్‌లో ఆవిడ ఉందో లేదో తెలియదు. నేను ఏదో అనబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. పక్క కౌంటర్ దగ్గర ఇంకో తెలుగబ్బాయి తన ఫైలు తిరగేస్తూ మావైపు చూడకుండా చూస్తున్నాడు. లోపల ప్రింటర్ చప్పుడైంది. అది పర్మిట్ చప్పుడో, దేశం వదలమనే కాగితం చప్పుడో చెప్పడానికి ప్రింటర్ భాష ఎవరికి వచ్చు?

ఆయన వచ్చి కౌంటర్ మీద కాగితం పెట్టాడు. కొత్త రెస్టారెంట్ పేరు కనిపించింది. తర్వాత మా ఇద్దరికీ ఒక మాట చెప్పాడు. ఈ గదిలో అన్న అంటే ఒకే తల్లి, లేదా ఒకే తండ్రి, బయట మీరు ఎవరినేమైనా పిలుచుకోండి. ఫోన్ పెట్టేయబోతుంటే అందులోంచి గొంతు వచ్చింది.

"ఉంటాను తమ్ముడూ," అని, ఆ వెంటనే ఇంగ్లీషులో, "ఐ విల్ టేక్ లీవ్, యంగర్ బ్రదర్."

నెరిసిన జుట్టాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కారు దగ్గరికి వచ్చాం. ఆమె బయటి నుంచి నా తలుపు తెరిచి పట్టుకుంది. వంతెన వెనకబడింది. నేను ఒళ్లో పర్మిట్ పెట్టుకుని, ఓనర్‌కి ఫోన్ చేసి, రేపు పొద్దున్నే వస్తానని చెప్పాను. ఆయన సంతోషపడ్డాడు. ఆమె ముందుకే చూస్తూ నడుపుతోంది. రెండు సిగ్నళ్లు దాటాక అడిగింది.

"అయితే ఇక వండొచ్చన్నమాట."

"వండొచ్చు."

"ఎవరూ కానివాళ్లకి కూడా పెడతారా?"

సరుకుల కొట్టు బోర్డు కనిపించింది.

"ఎడమకు తిప్పు," అన్నాను. "బగారకు పుదీన గావాలె."

ఆమె ఇండికేటర్ వేసింది. కొట్టు ముందు కారు ఆగాక నేను అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి, తలుపు తెరుచుకున్నాను.