నాన్న రేడియోలో నాన్న పేరు

నాన్న పోయిన రోజు మధ్యాహ్నం అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "సాయంత్రం రేడియోలో మీ నాన్న పేరు చెప్తారు. నేను ఆయన రేడియోలోనే వినాలి."

మా దీవులకు స్వాతంత్య్రం వచ్చి కొన్నేళ్లయినా, రాకిరాకి చెరకు పొలాల్లో చావు కబుర్లు హిందీ వార్తల తర్వాత రేడియోలోనే తెలిసేవి. నాన్న రోజూ అవి విని, రేడియో లేని ఇళ్లకు నడిచి వెళ్లి చెప్పేవాడు. ఆయన జబ్బుపడ్డాక ఆ వాల్వుల రేడియో కూడా పాడైంది. గుర్రుమనే మోత తప్ప మాట వచ్చేది కాదు. ఫిల్టర్ కండెన్సర్ పోయిందని మంచం మీంచే చెప్పి కొత్తది తెప్పించాడు. నేను వేస్తానంటే, "లేచాక ఇద్దరం చేద్దాంలే" అన్నాడు.

అప్పటికి నేను బళ్లో పాఠాలు చెబుతున్నాను. టంకం పెట్టడం నాన్న దగ్గర నేర్చుకున్నదే. వంటింటి బల్లమీద రేడియో విప్పుతుంటే పెదనాన్న గుమ్మంలోకి వచ్చాడు.

"అరే బేటీ, బాప్ ముందుగదిలో పడుకుని ఉంటే నువ్వు రేడియో ఖోలి కూచున్నావా? మా ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉంది, తెస్తా."

"అది మీ ఇంటిది, బావగారూ. పిల్లని తన కామ్ చేసుకోనివ్వండి" అంది అమ్మ.

పాత కండెన్సర్ తీసి కొత్తది అతికించాను. చల్లారిన టంకం మెరవాలి, మసకబారితే మళ్లీ చెయ్యాలి అనేవాడు నాన్న. నాది మెరిసింది. ఆన్ చేస్తే వాల్వులు వెలిగాయి, మోత పోయింది. కానీ ఏ స్టేషనూ రాలేదు. వాల్యూమ్ కంట్రోల్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన తాకిస్తే స్పీకరు బుర్రుమంది. అక్కణ్నుంచి స్పీకరు దాకా బాగానే ఉంది. లోపం అంతకు ముందే ఎక్కడో ఉంది. వెనక్కి వెతుక్కుంటూ ఏరియల్ తీగ పట్టుకుని కిటికీ దాకా వెళ్లాను. గోడ అవతల తీగ తెగి ఉంది. మిగతాది, వచ్చేవాళ్ల కోసం పొద్దున పెరట్లో వేసిన షెడ్డు వెదుళ్లకు బిగించి ఉంది.

"ఎవరు కోశారిది?"

"రస్సీ ఖతం అయింది, బేటీ. తీగ గోడమీంచి ఊరికే లటకతా ఉంది, కోసినా" అన్నాడు పెదనాన్న.

షెడ్డులో యాంగోనా వేరు కలిపిన నీళ్లు తాగుతున్న మగవాళ్లు నవ్వారు. "ఇప్పుడు విప్పితే షెడ్డు మన నెత్తిన పడుద్ది, భయ్యా!"

షెడ్డు కట్టగా మిగిలిన తీగ ముక్క తెచ్చి తెగిన కొసకు మెలిపెట్టాను. పెదనాన్న బెంచీ ఎక్కి రెండో కొస పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇట్లానా?"

"ఇంకా పైకి."

రేడియో పలికింది, హిందీ వార్తలు అయిపోతున్నాయి. ప్రకటనల్లో నాన్న పేరు వచ్చింది, ఆయన చెరకు రైతనీ, రేపటి దహనం వేళా చెప్పారు. ఏ మోతా లేదు. అమ్మ రేడియో పెట్టెమీద చెయ్యి వేసుకుని మొత్తం విన్నది.

"సాఫ్‌గా వచ్చింది" అని నావైపు చూసింది.

బయట పెదనాన్న చెయ్యి ఇంకా దించలేదు. షెడ్డులో వాళ్లకు గట్టిగా చెబుతున్నాడు. "రేడియో నా తమ్ముని బిడ్డ బనాయించింది. తీగ నేను పట్టినా."