డిక్కీలో బియ్యం, మలుపుల్లో కాంటెస్సా

కాంటెస్సాను ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నది తేల్చుకోవడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. నాకు ఆ పాత కారంటే ప్రాణం. నా భార్య పద్మ మాత్రం దాన్ని ఎప్పుడూ 'మీ బండి' అనే అంటుంది. మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరుగుతుంది, గుంతలో పడితే వెనక భాగం ఎగిరిపడుతుంది, ఆమెకు కడుపులో తిప్పుతుంది. మొన్న ఒక పెళ్లికి వెళ్లినప్పుడు భోజనం కూడా చెయ్యలేకపోయింది. "రేపల్లెలో మా అక్క ఇంటికి వెళ్లేసరికి మళ్లీ ఇలాగే అయితే, మీ బండి బేరం పెట్టేయండి" అంది. ఒప్పుకోక తప్పలేదు.

పొద్దున్నే గుంటూరులో బయలుదేరి, నందివెలుగు మీదుగా ఏడింటికల్లా తెనాలి చేరాం. కొత్త షాకబ్జర్లు, మలుపుల్లో ఒరగకుండా ముందు వైపుకు లావుపాటి స్టెబిలైజర్ రాడ్డు, బుష్షులు ముందే తెప్పించి పెట్టాను. వాటిని బిగించడానికి మెకానిక్కు వెంకట్రావు బండి పైకెత్తి చూసి నవ్వాడు.

"ఇదేంటండీ, వెనక స్ప్రింగుల్లో రబ్బర్లు కుక్కేశారు!"

పాత ఓనరు పొన్నూరులో బియ్యం వ్యాపారి. బస్తాలు వేస్తే వెనక భాగం కుంగకుండా స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు పెట్టించాడు. డిక్కీ ఖాళీగా ఉంటే ఆ స్ప్రింగులు అణగవు. ఎగిరిపడటానికి కారణం అదే.

"తీసేస్తే మెత్తగా పోతుందండి. మీరేమైనా బస్తాలు వేస్తారా?"

"లేదండి, మేమిద్దరమే. రెండు బ్యాగులు, అంతే."

పక్కనే ఉన్న పద్మ నన్నూ, ఖాళీ డిక్కీనీ మార్చి మార్చి చూసింది. రబ్బర్లు తీసేశాడు. సామానుకు, పనికి, అలైన్‌మెంటుకు కలిపి పాతిక వేల దాకా అయింది. మధ్యాహ్నానికి పని తెమిలింది. మెస్సులో భోజనం చేసి పొన్నూరు మీదుగా బాపట్ల దారి పట్టాం. గంట పైన పట్టింది. మలుపుల్లో కారు ఒరగడం దాదాపు మానేసింది.

బాపట్లలో పద్మ పిన్ని ఇంటి దగ్గర కాఫీకి ఆగాం. తాగి బయటికి వచ్చేసరికి కారు వెనక్కి చతికిలబడి ఉంది. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు.

"అత్తయ్యగారూ, ఈసారికి వద్దండి. బండి..."

"బాగుందండీ అల్లుడుగారూ! రేపల్లె అమ్మాయికొకటి, మీకొకటి పెట్టించా. మా బియ్యం మీ బండికి బరువైపోయాయా ఏంటి?"

వద్దంటే ఆ మాట ఏళ్ల తరబడి ప్రతి పెళ్లిలోనూ వినపడుతుంది. అలాగని వేసుకుపోతే దారిలో పద్మకు తిప్పుతుంది, కారు అమ్మేయాల్సి వస్తుంది. నా మొహం చూసి పద్మకు నవ్వొచ్చింది.

"మా పిన్ని ఒట్టి డిక్కీతో పంపుతుందని ఎలా అనుకున్నారండీ? వెనక సీటు ముందు కింద ఖాళీయే కదా, అక్కడ పెట్టించండి."

బస్తాలను అక్కడికి మార్పించాం. బరువు చక్రాల మధ్యకు వచ్చింది, కారు వెనక భాగం పైకి లేచింది.

కర్లపాలెం, చెరుకుపల్లి దాటి రేపల్లె చేరడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా రోడ్డు కన్నా పద్మ మొహమే ఎక్కువ చూశాను. వదినగారు అలవాటుగా పద్మ కోసం నిమ్మకాయ నీళ్ల గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. పద్మ గ్లాసు అందుకుని నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఏం వండావే? ఆకలేస్తోంది."

ఈ కారు కొన్నాక నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మొదట ఆ రబ్బర్లను చూసి నేనూ నవ్వాను. బాపట్ల కాఫీ తర్వాత ఆ వ్యాపారి మీద గౌరవం కలిగింది. ఆయన బతుకుకు తగ్గట్టు ఆయన బండి ఉంది. ఇటువైపు పాత కారుకు ఈ పని చేయించుకునేవారికి ఒకటే సలహా: మీరు ఎక్కించే సామానే కాదు, మీ చుట్టాలు ఎక్కించేది కూడా మెకానిక్కుకు ముందే చెప్పండి.

మర్నాడు బయలుదేరుతుంటే వదినగారు కొబ్బరికాయల గోతం బయట పెట్టించింది. నేను డిక్కీ తెరవబోయాను.

"అక్కడ కాదండీ, సీట్ల మధ్య పెట్టండి" అంది పద్మ. "మన బండి కుంగిపోతుంది."