ఎవరిదో తెలియని సంతకం

కామారెడ్డి కాలేజీలో పాఠాలు చెప్పి, బస్సులో ఎల్లారెడ్డి చేరేసరికి నాకు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ సాయంత్రం పెద్దమ్మ బీడీలు చుడుతూ నా పరిశోధన ఏమిటని అడిగింది. రేపటి క్వాంటం కంప్యూటర్లు కూడా ఛేదించలేని డిజిటల్ సంతకమని చెప్పాను. అంకెల కోడ్లలో కావాలని కలిపిన తప్పులను ఎవరూ వేరు చేయలేరన్న గణితమే దానికి ఆధారం. గుంపులో ఒకరు సంతకం చేశారని తెలుస్తుంది, ఎవరో మాత్రం తెలియదు.

పెద్దమ్మ చేతులు ఆగాయి. "గట్లయితే మాకు బీడీ ఆకిచ్చే ఠేకేదారు మీద అర్జీ పెట్టొచ్చా బిడ్డా? మంచి బీడీలు గూడ బాగలేవని తీసి పారేసి కూలి కోస్తుండు. ముందుగాల పేరు రాసినోళ్లకు ఆకు బంద్ చేస్తడని అందరు భయపడుతున్నరు."

"ఇంకా కాలే పెద్దమ్మా. ఆ సంతకం ఫైలు శానా పెద్దగ వస్తది, వాడుకునేటట్టు ఉండదు. చిన్నగ చేసుడు నాకు చాతనైతలేదు."

"ఎప్పుడైతది?"

"తెల్వది."

మరునాడు ఆమె లేబర్ ఆఫీసులో తన పేరుతోనే అర్జీ ఇచ్చింది. ఠేకేదారు ఆమెకు ఆకు ఆపేశాడు. కొన్నాళ్లకు మిగతా ఆడవాళ్లు కూడా వెళ్లి పేర్లు రాస్తే మళ్లీ ఇచ్చాడు. బీడీలు తీసిపారేయడం మాత్రం మానలేదు. నేను ఇప్పటికీ ఆ సంతకాన్ని కుదించే పనిలోనే ఉన్నాను. ఒకచోట తగ్గిస్తే ఇంకోచోట భద్రత సడలుతుంది. మళ్లీ మొదటికి వస్తాను.