కారణాల్లో రెండో పాయింటు

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయుము. పది మార్కులు. నల్గొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు ఈ ప్రశ్నతోనే బతికాను. నిద్రలో లేపి అడిగినా ఎనిమిది పాయింట్లూ వరసగా అప్పజెప్పగలను. సైడ్ హెడింగ్ పెట్టి, కింద గీత గీసి, నాలుగేసి లైన్లు రాస్తే మార్కులు ఎక్కడికీ పోవని పిల్లలకు చెప్పేదాన్ని. పోలేదు కూడా.

తర్వాత మా ఆయనకు జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఆయన బ్లూకార్డు వీసా వెనకాలే నేనూ, పిల్లా వచ్చాం. నాలుగేళ్ళు జర్మన్ నేర్చుకోవడం, టెర్మిన్ల కోసం, అంటే ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్ల కోసం తిరగడం, నా డిగ్రీలు ఇక్కడ చెల్లుతాయని కాగితం తెచ్చుకోవడం, ఇదే నా పని. మేడమ్ అని పిలిచేవాళ్ళు లేక నా గొంతు కూడా చిన్నదైపోయింది. మనవాళ్ళ ఇళ్ళలో ఏదైనా ఫంక్షన్‌కి వెళ్తే, "మీరేం చేస్తుంటారండీ" అని ఎవరైనా అడిగేలోపే వంటగదిలోకి దూరేదాన్ని.

అలాంటిది ఒక బడి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ చరిత్ర టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్తోందట. ఆమె బదులు ఏడాదిపాటు ఒకరు కావాలి. ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలి. మన భాషలో డెమో అన్నమాట. పాఠం ఏమిటంటే, ఆ యుద్ధానికి కారణాలే. ఫోన్ పెట్టేసి హాల్లో గంతులేశాను. దాచుకోవడం ఎందుకు.

గంతులయ్యాక పాత నోట్సు తీసి, రెండో పాయింటు దగ్గర కూలబడ్డాను. "జర్మనీ దురాశ, కైజర్ అహంకారము" అని ఉంది. కైజర్ అంటే అప్పటి వీళ్ళ చక్రవర్తి. జర్మనీలో, జర్మన్ పిల్లల ముందు, ఉద్యోగం అడగడానికి వెళ్ళి ఆ మాట ఎలా అనడం? చుట్టపు చూపుగా వెళ్ళిన ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనా బాగుందనే తినే మనిషిని నేను.

"వాళ్ళింటికి పొయ్యి వాళ్ళ తాతనే తిడ్తవా?" అన్నాడు మా ఆయన దోసె తింటూ. "ఉద్యోగం ఇచ్చేటోళ్ళ ముంగట గదంత అవుసరమా? తీసెయ్. ఏడు పాయింట్లు చాల్తయ్."

"అది ఇక్కడ అందరికీ తెలుసు కదమ్మా" అని మా అమ్మాయి జర్మన్‌లో గొణిగింది. ఎనిమిదో తరగతి పిల్లకు మర్యాదలేం తెలుస్తాయిలే అనుకుని పాయింటు కొట్టేశాను.

డెమో తొమ్మిదో తరగతికి. పాతిక మంది దాకా ఉన్నారు. చివరి వరసలో ఆ చరిత్ర టీచరు, నిండు చూలాలు, ఒళ్ళో నోటుబుక్కుతో కూర్చుంది. నేను బోర్డు మీద సైనిక కూటములు, ఆయుధాల పోటీ, వలసల కోసం పోటీ, తీవ్ర జాతీయవాదం అంటూ రాసుకుపోయి, ఆస్ట్రియా యువరాజు హత్యను తక్షణ కారణంగా చివర్లో పెట్టి, అన్నిటి కిందా గీతలు గీశాను. ఇటు తిరిగి చూస్తే ఒక్కరూ రాసుకోవడం లేదు. మన పిల్లలైతే ఈపాటికి రెండో పేజీలో ఉండేవాళ్ళు.

ముందు బెంచీలో జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అమ్మాయి చెయ్యెత్తింది. "మరి జర్మనీ ఏం చేసింది?"

"అన్ని దేశాలూ కలిసే తప్పు చేశాయి" అన్నాను తియ్యగా.

ఆ పిల్ల వదల్లేదు. పుస్తకం తెరిచి పేజీ చూపించింది. "ఆస్ట్రియా సెర్బియా మీదికి వెళ్తే, ఏమైనా సరే మీ వెనక మేమున్నామని బెర్లిన్ మాటిచ్చింది. ఇదిగో, ఇక్కడ ఉంది. మీరెందుకు చెప్పలేదు?"

నేను అంత జాగ్రత్తగా కప్పిపెట్టింది వాళ్ళ పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. వెనక టీచరు ఏదో రాసుకుంటోంది. అయిపోయింది, నాలుగేళ్ళ కష్టం గంగపాలు అనుకున్నాను. ఎలాగూ పోయింది కదా, ఇంక భయమెందుకని తెగించాను. నాలోని పాత కోపిష్టి మేడమ్ లేచి కూర్చుంది.

"ఆ పాయింటు నా దగ్గర ఉంది. కావాలనే తీసేశాను. మీ ఊళ్ళో ఉంటూ మీ పెద్దవాళ్ళను అనడం మర్యాద కాదనుకున్నాను. మా పుస్తకంలో మీ గురించి ఏముందో వినండి" అని, దురాశనీ అహంకారాన్నీ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

క్లాసంతా ఘొల్లున నవ్వింది. ఆ వెంటనే గొడవ మొదలైంది. ఒక్క మనిషి అహంకారంతో అంత యుద్ధం వస్తుందా అని ఒకరు. రష్యా తన సైన్యాన్ని కదిలించకపోతే ఆగేది కదా అని ఇంకొకరు. ఆగేది కాదు, మన సైన్యాధికారులకు యుద్ధం కావాలి అని మరొకరు. నేను గీతలు చెరిపేసి, ఏ కారణం దేన్ని లాక్కొచ్చిందో బాణాలు గీస్తూ, ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతూ నన్ను నేను మరిచిపోయాను.

అప్పుడు ఆ అమ్మాయే మళ్ళీ, "వలసల కోసం పోటీ అన్నారు. వలసలంటే ఎవరు?" అంది.

"ఆఫ్రికా దేశాలు, ఆసియా దేశాలు" అని మొదలుపెట్టి ఆగిపోయాను. పదకొండేళ్ళు ఆ హెడింగ్ కింద పిల్లలతో గీతలు గీయించాను. ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

"మేము" అన్నాను. "మాలాంటివాళ్ళు ఎవరి చేతిలో ఎక్కువ ఉండాలన్నదే ఆ పోటీ. యుద్ధం వచ్చాక మా మనుషులనే సైనికులుగా ఓడలెక్కించి ఈ వైపుకు తెచ్చారు. మీకిష్టమేనా అని మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు."

పెన్నులు కదిలాయి. నేను రాసుకోమనలేదు.

గంట కొట్టాక ఆ టీచరు నడుము పట్టుకుని నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. "మొదటి ఇరవై నిమిషాలు అసలు బాగాలేదు" అంది ముఖం మీదే, ఇక్కడివాళ్ళ పద్ధతిలో. "తర్వాతది ప్రిన్సిపాల్‌కు చెప్తాను." ఏం చెప్తుందో చెప్పలేదు.

"నేనే చెడగొట్టినట్టున్న" అన్నాడు ఆ సాయంత్రం మా ఆయన, చాలా చిన్న గొంతుతో. అవును మరి అని నాలుగు రోజులు ఆయన్ని సాధించాను. అయిదో రోజు ఫోన్ వచ్చింది. బాత్రూంలోకి వెళ్ళి హాయిగా ఏడ్చాను.

సోమవారం మొదటి పీరియడ్ ఆ క్లాసే. బోర్డు తుడిచి, పాఠం మొదలుపెట్టి, మొదటి వాక్యం ఇంకా పూర్తి చేయనేలేదు, ఆ పొట్టి జుట్టు అమ్మాయి చెయ్యి లేచింది. నల్గొండలో అయితే ముందు చెప్పేది వినమని కసిరేదాన్ని.

"ఎక్కడ తప్పు చెప్పాను?" అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.