చెట్టు కింద ఆవిడ

కల్లుగీసే మొగుడు తాటిచెట్టు మీద ఉన్నంతసేపూ ఆవిడ కిందే నిలబడి ఉంటుంది. కొంగు నడుముకు బిగించి, తల వెనక్కి వాల్చి, ఎండకు కళ్ళు చికిలించి పైకే చూస్తుంది. మట్టల గుబురులోకి వెళ్ళాక మనిషి కనపడడు. అక్కడతను గెల కొసను కత్తితో పల్చగా చెక్కి, చుక్కలు పడేచోట ముంత కడతాడు. ఆ కాస్త పనయ్యేలోగా ఆవిడ ఎన్నిసార్లు కేకేస్తుందో. “ఏమయ్యా, ఉన్నావా?” “ఉన్నానే! ఎక్కడికి పోతాను?” ఆ మాట చెవిన పడితేనే ఊపిరి వదులుతుంది. “మా అన్నయ్య చెట్టెక్కితే వదిన గుండె గొంతులోకెక్కుతుంది” అని ఆడపడుచు నవ్వుతుంది. “నవ్వుకోవే తల్లీ, చెట్టు మీంచి పడ్డ మా నాన్నను ఇంటికి మోసుకొచ్చిన భుజాలివి” అంటుంది ఆవిడ.

మొన్నొక పొద్దున పైనుంచి జవాబు రాలేదు. పిలిచింది, మళ్ళీ పిలిచింది, గొంతు చించుకుని అరిచింది. చెట్టుకు చేరగిలబడింది. ఎంతసేపటికో మోకుతాడు చెట్టుకు రాసుకుంటున్న చప్పుడైంది. అతను దిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ముంతకు పాము చుట్టుకుని ఉందే. పెదవి కదిపితే కాటేసేది. నువ్వు అరిచినప్పుడల్లా పడగెత్తి నా ముఖంలోకే చూసింది.” మర్నాడు అతను మట్టల్లోకి వెళ్ళగానే ఆవిడ పిలవబోయి, రెండు చేతులతో నోరు మూసుకుంది. కాసేపటికి ఒక చెయ్యి తీసి, పైన కదలిక తెలుస్తుందేమోనని చెట్టుకు ఆనించింది. అరచేతికి సన్నగా వణుకు తగిలింది. అది చెట్టుదో, తన చేతిదో ఆవిడకు తెలియలేదు.